సమాధానం: రెక్క సైజు తప్పడానికి కారణం వర్గమూలం

క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలపై నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో వేయించిన గులాబీ పటాన్ని (నెలకొక రెక్కగా మరణాలు చూపే గుండ్రటి పటాన్ని) మీరు ఇల్లస్ట్రేటర్‌లో కొత్తగా గీసి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో కదిలిస్తున్నారని చదివి చాలా సంతోషమేసింది. 1855 జనవరి రెక్క మరీ పెద్దగా వస్తోందన్నారు కదా, తప్పు స్కేల్‌లో (రెక్క సైజును శాతంలో చెప్పే సెట్టింగ్‌లో) ఉంది. మరణాల నిష్పత్తిని నేరుగా స్కేల్‌కి ఇచ్చారు. ఆ పటంలో లెక్క చెప్పేది రెక్క పొడవు కాదు, వైశాల్యం. కాబట్టి వర్గమూలం తీసుకోండి: మరణాలు 4 రెట్లైతే స్కేల్ 200, 9 రెట్లైతే 300. మీ ఫైల్‌లో 4 రెట్లకి 400 ఉన్నచోట రెక్క వైశాల్యం 16 రెట్లు ఉబ్బింది!

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి తెస్తే రెక్కలు విడివిడిగా కాక అంతా ఒకే లేయర్‌గా వస్తోందన్నారు, అది చిన్న సంగతే. ఇల్లస్ట్రేటర్‌లో 'రిలీజ్ టు లేయర్స్' కొట్టి, వచ్చిన సబ్‌లేయర్లను పేరెంట్ లేయర్ బయటికి లాగండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పైస్థాయి లేయర్లనే విడదీస్తుంది. గులాబీ కేంద్రాన్ని ఆర్ట్‌బోర్డ్ నడిమధ్యన పెట్టి 'కంపోజిషన్'గా ఇంపోర్ట్ చేస్తే యాంకర్ పాయింట్లన్నీ (రెక్కలు ఏ బిందువు నుంచి పెరుగుతాయో అవి) అక్కడే కూర్చుంటాయి.

ఒక్క మాట. రెక్కలన్నీ ఒకేసారి విచ్చుకోనివ్వకండి. నెలనెలా రానివ్వండి, గాయాల ఎరుపు ముందు, వ్యాధుల నీలం తర్వాత. ఆ నీలం ఎరుపును దాటి పరుచుకుంటూ పోయే క్షణం కోసమే ఆవిడ ఈ బొమ్మ వేయించింది. అక్కడ ఒక సెకను ఆగండి.