చివరి దశ రోగులతో పనిచేయబోయే సోషల్ వర్కర్ ముందుగా ఏం నేర్చుకోవాలి?

ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) అయ్యాక పాలియేటివ్ కేర్‌లో, అంటే తీవ్రమైన జబ్బున్నవాళ్ల నొప్పి, బాధ తగ్గించే పనిలో ఉద్యోగం వచ్చింది, చేరేముందు ఏం నేర్చుకోవాలి అని అడిగారు. తొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. నన్నడిగితే, "ఏం కాదు, తగ్గిపోతుంది" అనే మాట నోటికి రాకుండా చూసుకోవడమే మొదటి పాఠం.

చేరిన రెండో నెలలో ఒక ఊరికి హోమ్ విజిట్‌కి వెళ్లాం. గేటు దగ్గరే కొడుకు ఆపాడు. "మేడమ్, నాన్నకి క్యాన్సర్ అని తెలీదు. అల్సర్ అని చెప్పాం." సరేనన్నాను. లోపల పెద్దాయన టీ పెట్టించమని కొడుకుని బయటికి పంపించి, "అమ్మా, రెండెకరాలుంది. చిన్నోడి పేర రాయాలంటే ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగారు. "ఇప్పుడవన్నీ ఎందుకు తాతా, తగ్గిపోతుంది" అనేశాను. ఆయన దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగారు. తిరుగు దారిలో మా నర్సక్క, "ఆయనకి అన్నీ తెలుసు. నీకు తెలుసో లేదో చూశాడు" అంది.

తర్వాతి వారం పొలం సంగతి నేనే ఎత్తాను. వీలునామా తెల్లకాగితం మీద రాసినా, రాయించినవాళ్లూ, ఇద్దరు సాక్షులూ సంతకం పెడితే చెల్లుతుందని, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని అప్పటికి కనుక్కుని వెళ్లాను. ఇలాంటివి క్లాసులో పెద్దగా చెప్పరు. ఇంట్లో ఎవరైనా పోతే 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించాలి. అదీ క్లాసులో పెద్దగా చెప్పరు. లివింగ్ విల్‌కి (కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి వద్దని ముందే రాసిపెట్టే కాగితం) 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకున్నా, మేజిస్ట్రేట్ సంతకం కావాలనడంతో పెద్దగా ఎవరూ ముందుకు రాలేదు. 2023లో నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ చాలన్నారు.

మార్ఫిన్ సంగతి కూడా తెలిసి ఉండాలి. "అది మొదలుపెట్టారంటే ఇక అయిపోయినట్టే కదా" అని ఇంటివాళ్లు డాక్టర్ని అడగరు, మిమ్మల్నే అడుగుతారు. నొప్పికి ఇస్తారని, మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికీ మందు ఉంటుందని చెప్పగలగాలి.

ఇది డాక్టర్ల పని అనుకోకండి. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్, డాక్టర్ కాకముందు ఆస్పత్రిలో మీలాంటి సోషల్ వర్కరే.

కోర్సు కావాలంటే తిరువనంతపురంలో పాలియం ఇండియా వాళ్లు ట్రైనింగ్ ఇస్తారు. ఎక్కడ చేరినా, హోమ్ విజిట్లకి ఎన్ని రోజులు పంపుతారో ముందే అడగండి. పని మొదలయ్యాక ఒక సీనియర్ నర్సుని పట్టుకోండి. మా నర్సక్క రిటైరైంది, ఇప్పటికీ టెన్షన్ వస్తే ఫోన్ చేసేది ఆమెకే.