కొలైటిస్ తగ్గింది కదా, ప్రెడ్నిసొలోన్ ఆపేయొచ్చా?
కొలైటిస్ (పెద్దపేగు వాపు) వల్ల విరేచనంలో రక్తం పడటం ఆగినా, ప్రెడ్నిసొలోన్ అనే ఈ స్టిరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా మానకండి. ఇవి వారాల తరబడి వాడితే కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఒంటికి తప్పనిసరైన కార్టిసాల్ అనే హార్మోన్‌ను సొంతంగా తయారుచేయడం తగ్గించేస్తాయి. హఠాత్తుగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే రావచ్చు. అందుకే మామూలుగా రోజుకు 40 మి.గ్రా.తో మొదలుపెట్టి వారానికి 5 మి.గ్రా. చొప్పున దించుతారు. మీ లెక్క మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

అలాగని ఏళ్లపాటు వాడే మందూ కాదు. 1955లో ట్రూలవ్, విట్స్ అనే డాక్టర్లు ఇదే కోవకు చెందిన కార్టిసోన్ గుణం చూపించింది కొలైటిస్ ఉధృతంగా ఉన్నప్పుడే. తర్వాత అదుపులో ఉంచడానికి మెసాలమిన్, అజాథయోప్రిన్ లాంటివి ఉన్నాయి. స్టిరాయిడ్ వల్ల ముఖం ఉబ్బిందని అందరూ కంగారుపడతారు గానీ, నా దృష్టిలో కంటికి కనబడకుండా ఎముకలు గుల్లబారడమే పెద్ద బెడద. కాల్షియం, డి విటమిన్ సంగతి అడగండి.