పద్యానికి పేరు చివర్న పెట్టు

చిరంజీవి మనవరాలికి,

ఆశీస్సులు. డిగ్రీలో స్పెషల్ తెలుగు తీసుకున్నావనీ, ఛందస్సు, అలంకారాల పేపరంటే బెంగపడుతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ పేపర్లో మార్కులు పోయేది ఎక్కువగా తొందరపాటు వల్లే. పద్యం చూడగానే ఇది ఉత్పలమాల, ఇది ఉపమ అని ఒక పేరు అనేసుకుని, ఆ తర్వాత అక్షరాల్ని అందులోకి ఇరికిస్తారు. పేరు చివర్న రావాలి తల్లీ.

ముందు గురులఘువులు, అంటే పొడుగ్గా పలికే అక్షరాలూ, పొట్టిగా పలికేవీ. పాదాన్ని అక్షరం అక్షరం విడివిడిగా, మధ్యలో చోటు వదిలి పెన్సిల్‌తో రాసుకో. లఘువు మీద ల, గురువు మీద గ పెట్టు. దీర్ఘాలు, ఐ, ఔలు ఉన్నవి, నిండుసున్న, విసర్గ, పొల్లు ఉన్నవి గురువులు. సంయుక్తానికీ ద్విత్వానికీ ముందున్న అక్షరం గురువు. ఈ సూత్రం అందరికీ కంఠతా వచ్చు, తప్పులు మాత్రం ఇక్కడే జరుగుతాయి. ఒత్తు ఉంది కదా అని ఆ ఒత్తున్న అక్షరాన్నే గురువు చేస్తారు. ‘విశ్వ’లో ‘వి’ గురువు, ‘శ్వ’ లఘువు. వట్రసుడి ఒత్తు కాదు. అందుకే ‘ప్రకృతి’లో మూడూ లఘువులే. అరసున్నకు అక్షరాన్ని గురువు చేసే బలం లేదు, ‘అతఁడు’లో ‘త’ లఘువే. పొల్లును విడి అక్షరంగా లెక్కపెట్టకు, ‘లున్’ మొత్తం ఒక్క గురువు. దాన్ని రెండుగా లెక్కిస్తే ఇరవై అక్షరాల పాదం ఇరవై ఒకటై, ఉత్పలమాల కాస్తా నీ కాగితం మీద చంపకమాల అయిపోతుంది.

ఇంకొకటి, పుస్తకాలు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసేది. సంయుక్తానికి ముందున్న అక్షరం వేరే తెలుగు మాట చివరిదైతే సాధారణంగా గురువు కాదు. ‘వాడు ప్రజలను’ అన్నప్పుడు ‘డు’ లఘువే. ‘దేశప్రజలు’ అన్నప్పుడు సంస్కృత సమాసం కాబట్టి ‘శ’ గురువు. గణాలు, అంటే గురులఘువుల గుంపులు, ఎంతకీ కుదరకపోతే ముందు ఇలాంటి చోట్లే వెతుకు.

వృత్తాలు నాలుగూ విడివిడిగా బట్టీ పట్టక్కర్లేదు. ఉత్పలమాల (గణాలు భ ర న భ భ ర వ), శార్దూలం (గణాలు మ స జ స త త గ) ఈ రెండూ నోటికి వస్తే చాలు. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొట్టి చూడు, చంపకమాల వస్తుంది. శార్దూలాన్ని అలాగే విడగొడితే మత్తేభం. ఒక అక్షరం పెరిగింది కాబట్టే యతి స్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన అక్షరం చోటు, పది నుంచి పదకొండుకూ, పదమూడు నుంచి పద్నాలుగుకూ జరిగింది. పరీక్షలో పాదం మొదలు చూస్తే సగం పని అయినట్టే: గలల అయితే ఉత్పలమాల, లలలల అయితే చంపకమాల, గగగ అయితే శార్దూలం, లలగగ అయితే మత్తేభం. కానీ యతి సరిచూడకుండా పేరు రాయకు. నాలుగింటికీ ప్రాస ఉంది, అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు. అచ్చు మారవచ్చు.

దేశి పద్యాలకు వేమన పద్యం ఒక్కటి పట్టుకో. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’. ఆటవెలది బేసి పాదంలో మూడు సూర్యగణాలు (గల గానీ లలల గానీ), రెండు ఇంద్రగణాలు ఉండాలి. ఉప్పు, కప్పు, రంబు మూడూ గల, అంటే సూర్యగణాలు. ‘నొక్కపో’ రగణం (గలగ), ‘లికనుండు’ సలం (లలగల), రెండూ ఇంద్రగణాలే. ఇక యతి నాలుగో గణం మొదటి అక్షరంతో. ‘ఉ’కూ ‘నొ’కూ పొత్తెక్కడ అని పిల్లలు కంగారుపడతారు. ఆ ‘న’ సంధిలో వచ్చిన నకారం, అసలు మాట ‘ఒక్క’. ఉ, ఊ, ఒ, ఓలకు మైత్రి ఉంది కాబట్టి యతి చెల్లింది. సంధి విడదీయకుండా యతి చూడొద్దని చెప్పేది ఇందుకే.

రెండో పాదం ‘చూడ చూడ రుచుల జాడ వేరు’. సరి పాదం కనుక అయిదూ సూర్యగణాలే. చ, జలకు హల్లు మైత్రి ఉన్నా ఊ, ఆలకు అచ్చు మైత్రి లేదు, కాబట్టి మామూలు యతి కుదరలేదు. కానీ చూడ, జాడ రెండింట్లోనూ రెండో అక్షరం ‘డ’. ఇది ప్రాసయతి. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో చెల్లుతుంది, వృత్తాల్లోనూ కందంలోనూ చెల్లదు. ‘యతిభంగం’ అని రాసే ముందు ఈ సంగతి చూసుకో. మిగిలిన రెండు పాదాలకూ గణాలు నువ్వే కట్టు.

అలంకారాల్లో కూడా పేరుకు ముందు ఆధారాలు వెతకాలి. ఇదే పద్యంలో ‘పోలిక’ అన్న మాట చూసి ఉపమ అని రాసేవాళ్లుంటారు. ఉపమకు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం నాలుగూ ఎవరెవరో చూపాలి. ‘చెరువు అద్దంలా తళతళలాడుతోంది’ అంటే చెరువు, అద్దం, తళతళలాడటం, ‘లా’ వరసగా దొరుకుతాయి. ఒకటి లోపిస్తే లుప్తోపమ. ‘ఈ చెరువు నేలకు జారిన ఆకాశపు ముక్కేమో’ అంటే ఉత్ప్రేక్ష, అక్కడ పోలిక ఊహ అయింది. రూపకంలో రెండింటికీ భేదం లేదన్నట్టు చెబుతారు.

శబ్దాలంకారాల్లో మూడు ఎప్పుడూ కలగలిసిపోతాయి. హల్లుల జంట అర్థభేదంతో వెంటవెంటనే వస్తే ఛేకానుప్రాస: ‘వంద వందనాలు’. మాట అదే, అర్థం అదే, తాత్పర్యం వేరైతే లాటానుప్రాస: పోతన ‘కరములు కరములు’లో రెండోది ‘చేతులంటే అవే చేతులు’ అని. అక్షరాల గుంపు వేర్వేరు అర్థాలతో తిరిగి వస్తే యమకం.

జవాబులో లక్షణం (నిర్వచనం), లక్ష్యం (ఉదాహరణ) రాసి ఆపేస్తే సగం మార్కులే. ఈ మాట ఇది, అందువల్ల ఈ అలంకారం అని చూపే సమన్వయం తప్పకుండా రాయి. రసాల గురించి ఇప్పటికి ఒక్కటే గుర్తుంచుకో: కరుణరసానికి స్థాయిభావం, అంటే మూలంలో ఉండే భావం, శోకం, దయ కాదు. పేరు చూసి మోసపోయేవాళ్లు చాలామంది.

నరకాసురుడి యుద్ధంలో కృష్ణుడు సత్యభామతో అనే పోతన పద్యం ‘లేమా! దనుజుల గెలువఁగ’ తీసుకుని ఒక కాగితం మీద గణాలు కట్టి పంపు. కందం అది. రెండేసి పాదాలు కలిపి లెక్కిస్తే ఆరో గణం నలమో (లలలల) జగణమో (లగల) కావాలి, బేసి గణాల్లో జగణం రాకూడదు, సరి పాదాల చివర గురువుండాలి. ‘లేమా’ నాలుగుసార్లు వస్తుంది, ప్రతిసారీ పదం ఎక్కడ విరుగుతుందో, అర్థం ఏమిటో పక్కన రాయి. గణాలు తప్పినా ఫర్వాలేదు, కొట్టివేతలు చెరపకుండా అలాగే పంపు. ఎక్కడ తడబడ్డావో నాకు తెలియాలి.

తాతయ్య