81 శాతం వస్తే అప్పు చేయాలా?

ప్రశ్న: మా పాప నల్గొండలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే తెలుగు మెసేజ్‌లు రెండు వేలు పోగేసి, ఏది తిట్టు, ఏది ప్రశ్న, ఏది మెచ్చుకోలు అని కంప్యూటరే చెప్పే ప్రాజెక్ట్ చేసింది. సరైన జవాబులు 81 శాతమే వచ్చాయి. స్పామ్ ఎస్సెమ్మెస్‌లు పట్టే ప్రాజెక్ట్ చేసిన క్లాస్‌మేట్‌కు 98. హైదరాబాద్‌లో ఏఐ కోర్సుకు లక్షా ఇరవై వేలట. అప్పు తెచ్చి చేర్పించాలా, జావా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే చాలా?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: మీ టెన్షన్ జావా గురించి కాదండీ, ఆ 98 గురించి. ముందు దాని సంగతే చూద్దాం.

స్పామ్ ప్రాజెక్ట్ అనగానే చాలామంది పిల్లలు తీసుకునేది ఒకే డేటా: 5,574 ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లు, వాటిలో స్పామ్ 747. ఏమీ నేర్చుకోకుండా ప్రతిదానికీ ‘ఇది స్పామ్ కాదు’ అని తలూపే ప్రోగ్రామ్‌కు కూడా అక్కడ దాదాపు 87 శాతం వస్తుంది! పైగా ‘ఫ్రీ’, ‘ప్రైజ్’ లాంటి మాటలు స్పామ్‌ను ఇట్టే పట్టిస్తాయి. నెయివ్ బేయిస్ అనే పాత పద్ధతితోనే 98 దాకా పోవచ్చు.

మీ పాప దిగిన మడి వేరు. ‘బాగుంది’ని ఒకరు రెండు ‘ఏ’లు పెట్టి కొడతారు, ఒకరు ఒక్కటే పెడతారు, ఇంకొకరు అచ్చులన్నీ మింగేస్తారు. మనకు ఒకే మాట, కంప్యూటర్‌కు మూడు. ‘మస్తు చేసినవ్ తియ్’ అన్నది మెచ్చుకోలా, వెటకారమా? ముందు మెసేజ్ చూడకపోతే నేనైనా చెప్పలేను. అందులో 81 తెచ్చిన పిల్ల ముందు పక్కవాడి మార్కు ఎన్నిసార్లు ఎత్తారు? కోప్పడుతున్నా అనుకోకండి. కోప్పడుతున్నాను.

ఇక ఏఐ మీద నా అనుమానం. ఇలాంటి మెసేజ్‌లను ఇవాళ చాట్‌జీపీటీ లాంటి పెద్ద భాషా మోడల్‌కు నాలుగు ముక్కల్లో చెప్తే అదే విడగొట్టి పెడుతుంది. కాబట్టి నాలుగు నెలల్లో మోడల్ ట్రెయిన్ చేయడం నేర్పి ‘ఏఐ ఇంజినీర్’ను చేస్తామనేవాళ్ల మాట నాకు నమ్మబుద్ధి కాదు. ఆ పెద్ద మోడల్ తప్పు చెప్పినప్పుడు పట్టుకునేవాళ్లు, ఏది తిట్టో ముందుగా తేల్చిపెట్టేవాళ్లు మాత్రం కావాలి. మీ పాప చేసింది సరిగ్గా ఆ పనే. రేపు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఆమె దగ్గర సొంత కథ ఉంది.

అప్పు వద్దు. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ మాస్టార్ల మెషీన్ లెర్నింగ్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. జావా, డేటాబేస్‌లతో పనిచేయడానికి వాడే ఎస్‌క్యూఎల్ ఎలాగూ నేర్చుకోవాలి. మొదటి ఉద్యోగానికి అవే ఎక్కువ అడుగుతారు. రెండూ కలిసే నడుస్తాయి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ప్రోగ్రామ్ తప్పు చెప్పిన మెసేజ్‌లు యాభై తెమ్మనండి. తిట్టా, ప్రశ్నా, మెచ్చుకోలా అని మీరొక కాగితం మీద, పాపొక కాగితం మీద, ఒకరిది ఒకరు చూడకుండా రాయండి. ఎన్ని చోట్ల మీ ఇద్దరికీ కలవలేదో లెక్కపెట్టి నాకు పంపండి.