టర్బో కంటే ముందు పంపు దాకా వెళ్ళే వైరు చూడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

2005 షెవ్రొలే సిల్వరాడో ఎస్‌ఎస్ పికప్ ట్రక్కు దొరికిందని నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఫ్రేముకి తుప్పు లేదు, ఆరు లీటర్ల ఎల్‌క్యూ9 ఇంజన్ ఇంకా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. మంచి బండి. టర్బో కిట్‌కి డబ్బు కట్టేశానని రాసి, చివర్లో ఒక ముక్క అడిగావు: "ఫ్యుయల్‌కి పెద్ద పంపు ఒకటి వేసేస్తే సరిపోతుంది కదా మామయ్యా?" సరిపోదు. టర్బో గాలిని తోస్తుంది, అంతే. ఆ గాలికి తగిన పెట్రోల్ అందకపోతే మిశ్రమం పలచబడుతుంది, డిటొనేషన్ (మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు మండడం) మొదలవుతుంది, పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది. ఇదంతా జరగడానికి ఒక్క గేరు చాలు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు నీ అంకె ఏమిటో తేల్చుకోవాలి. 600 హెచ్‌పీ కావాలన్నావు. చక్రాల దగ్గరా, ఇంజన్ దగ్గరా? డైనో, అంటే బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం, చూపించేది చక్రాల దగ్గరి అంకె. పెట్రోల్ కాలేది మాత్రం ఇంజన్ లెక్కన. నీ బండిలో ఉన్నది ఆటోమేటిక్ గేర్‌బాక్స్, మధ్యలో కొంత పవర్ తినేసే టార్క్ కన్వర్టర్ కూడా ఉంది కాబట్టి చక్రాల దగ్గర 600 రావాలంటే ఇంజన్ 750 దగ్గర ఇవ్వాలి. ఎప్పుడూ పెద్ద అంకె పట్టుకునే లెక్క వెయ్యి.

బూస్ట్, అంటే టర్బో అదనంగా తోసే గాలి ఒత్తిడి, ఉన్న ఇంజన్ ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు 0.6 పౌండ్లకు కాస్త పైన పెట్రోల్ తాగుతుంది. 0.62 అనుకుందాం. 750తో గుణిస్తే గంటకు 465 పౌండ్లు. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఎనిమిది, ఒక్కోటీ 85 శాతం డ్యూటీకి (తెరిచి ఉండే సమయానికి) మించకూడదు కాబట్టి ఒక్కోదానికి 68 పౌండ్లు, అంటే నిమిషానికి 720 సీసీ. ఆ 85 శాతం ఎందుకంటే, 6000 ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజన్ నాలుగు స్ట్రోకులూ, అంటే రెండు చుట్లు, పూర్తి చేయడానికి పట్టేది 20 మిల్లీసెకన్లే. ఇంజెక్టర్ తెరుచుకోడానికీ మూసుకోడానికీ కూడా అందులోంచే సమయం పోవాలి. 17 మిల్లీసెకన్లు దాటితే అది తెరిచే ఉండిపోయినట్టు లెక్క, ఇక ట్యూనర్ (ఇంజన్ కంప్యూటరు సెట్టింగులు సరిచేసేవాడు) చేతిలో ఏమీ ఉండదు.

ఈ85, అంటే ఎథనాల్ ఎక్కువ కలిపిన పెట్రోల్, పోస్తానని కూడా అన్నావు. పోసుకో, నాకేమీ అభ్యంతరం లేదు. ఎథనాల్ ఆవిరయ్యేటప్పుడు గాలిని బాగా చల్లబరుస్తుంది, బూస్ట్ ఇంజన్‌కి అది వరమే. కాకపోతే ఒక పాలు పెట్రోల్ 14.7 పాళ్ళ గాలి నిష్పత్తిలో కాలితే ఈ85 సుమారు 9.8లో కాలుతుంది. అదే పవర్‌కి 40 శాతం దాకా ఎక్కువ పోయాలి. అప్పుడు ఇంజెక్టర్ 1000 సీసీ పైన ఉండాలి, పంపు గంటకు 380 లీటర్లు ఇవ్వాలి, దానిమీద ఇరవై శాతం మిగులు కూడా ఉంచుకుంటే 450 దాటుతుంది. పెట్రోల్‌కైతే 290, అదే మిగులుతో 350 చాలేది. అందుకని ఈ85 ఎప్పుడో తర్వాత చూద్దాంలే అనుకోకు. ఎప్పటికైనా పొయ్యాలనుంటే ఇంజెక్టర్లు, పంపులు, పైపులు ఇప్పుడే దానికి సరిపడా తీసుకో. రెండుసార్లు ట్రక్కు బెడ్ (ట్యాంకు పైనుండే వెనక సరుకు పెట్టె) ఎత్తే పని పెట్టుకోకు.

పంపు డబ్బా మీద 450 లీటర్లని రాసి ఉంటుంది. ఆ అంకె తక్కువ ప్రెషర్ దగ్గర కొలిచింది. నీ బండిలో రెయిల్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం) ప్రెషర్ 58 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 58 పౌండ్లు, దానిమీద 15 పౌండ్ల బూస్ట్ కలిపితే పంపు 73 పీఎస్ఐకి ఎదురు తొయ్యాలి. అక్కడ అది ఎంత ఇస్తుందో కంపెనీ వాళ్ళ ఫ్లో చార్టులో ఉంటుంది. ఆ గీత మీద 73 దగ్గర వేలు పెట్టి చూడు, అదీ నీ పంపు అసలు సైజు. చార్టు చూపించలేని పంపు ఎంత చవగ్గా వచ్చినా కొనకు. వాల్‌బ్రో అనే పంపుల కంపెనీ పేరుతో నకిలీలు బోలెడు తిరుగుతున్నాయి, పేరున్న డీలర్ దగ్గరే తీసుకో.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న విషయం. పొలంలో బోరు మోటారుకి వోల్టేజీ తగ్గితే ఏమవుతుందో నీకు తెలుసు. తాతయ్య స్టార్టర్ డబ్బా దగ్గర నిలబడి మీటరు ముల్లు చూసిగానీ మోటారు వేసేవారు కాదు. వోల్టేజీ లేకపోతే నీళ్ళు సన్నగా వస్తాయి, మోటారు వేడెక్కి కాయిలు కాలుతుంది. నీ ట్యాంకులో పంపుదీ అచ్చంగా అదే కథ. ఆల్టర్నేటర్ దగ్గర 13.5 వోల్టులుండి పంపు దగ్గరికి 11.5 మాత్రమే చేరితే దాదాపు ఐదో వంతు పెట్రోల్ పోయినట్టే. ప్రెషర్ ఎక్కువున్న చోట ఇంకా ఎక్కువ పోతుంది. కంపెనీ వైరు చిన్న పంపుకి వేసింది. పెద్ద పంపు 73 పీఎస్ఐ దగ్గర 15 ఆంపియర్లకు అటూ ఇటూగా లాగుతుంది, ఆ సన్న వైరు దాన్ని మోయలేదు. బ్యాటరీ నుంచి 10 గేజ్ వైరు నేరుగా వెనక్కి లాగు. బ్యాటరీకి జానెడు దూరంలోనే 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. పాత పంపు వైరుని రిలేకి (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్) సంకేతం ఇవ్వడానికి మాత్రమే వాడుకో, అప్పుడు ఇంజన్ ఆగితే కంప్యూటరు పంపునీ ఆపేస్తుంది. గ్రౌండు వైరు కూడా అంతే లావుండాలి. ఫ్రేము మీద పెయింటు గీకి, మెరిసే లోహానికి బిగించు. ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటరు రెండు ముళ్ళూ పంపు కనెక్టరులోనే గుచ్చి చూడు. బ్యాటరీకీ అక్కడికీ తేడా అర వోల్టు దాటిందంటే ఎక్కడో జాయింటు సరిగ్గా లేదు. ఎంతోమంది పంపు బలహీనంగా ఉందని ఇంకా పెద్దది కొంటారు, ఆ పెద్దది అదే సన్న వైరు మీద ఇంకా ఎక్కువ లాగి ఇంకా తక్కువ ఇస్తుంది. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

ఈ85కైతే నేను రెండు పంపులు పెట్టమనే అంటాను. ఒకటి ఎప్పుడూ నడవాలి, రెండోది బూస్ట్ ఐదారు పౌండ్లు దాటాక ప్రెషర్ స్విచ్‌తో అందుకోవాలి. రెండూ ఎప్పుడూ తిరుగుతుంటే పెట్రోల్ ట్యాంకుకీ ఇంజన్‌కీ మధ్య ఊరికే తిరిగి వేడెక్కుతుంది. టెక్సస్ ఆగస్టు ఎండలో అది చిన్న విషయం కాదు. రెండిటికీ వేరు వేరు ఫ్యూజులు, వేరు వేరు రిలేలు, ఒక్కోదానికీ చెక్ వాల్వు ఉండాలి. లేకపోతే రెండోది ఆగినప్పుడు మొదటిది తోసిన పెట్రోల్ దానిగుండానే వెనక్కి జారిపోతుంది.

నీ మోడల్ రిటర్న్ పైపు, అంటే మిగిలిన పెట్రోల్‌ని రెయిల్ నుంచి ట్యాంకుకి తిప్పి పంపే పైపు, లేనిది. 2004 నుంచి ఆ ట్రక్కుల్లో ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటరు ట్యాంకులోనే ఉంటుంది, బూస్ట్ సంగతి దానికి తెలియదు. రెయిల్లో 58 ఉన్నా, మానిఫోల్డులో (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) 15 పౌండ్లు ఎదురు తోస్తుంటే ఇంజెక్టర్ మీద నిలిచేది 43 మాత్రమే. ప్రవాహం దాని వర్గమూలం లెక్కన తగ్గుతుంది కాబట్టి 14 శాతం పోతుంది. గాలి నిష్పత్తి 11.5 అనుకున్న మిశ్రమం పలచబడి 13.4కి చేరుతుంది. ఫుల్ బూస్ట్‌లో పెట్రోల్ మీద 13.4 అంటే పిస్టన్లకు మూడినట్టే. ట్యూనర్ ఇంజెక్టర్‌ని ఎక్కువసేపు తెరిచి దీన్ని కప్పిపుచ్చగలడు, కానీ నువ్వు డబ్బుపెట్టి కొన్న మిగులంతా అందులోనే ఖర్చవుతుంది. రిటర్న్ పైపు పెట్టు. రెగ్యులేటరుని రెయిల్ తర్వాత బిగించి, మానిఫోల్డు నుంచి దానికి ఒక సన్నగొట్టం ఇవ్వు. ఆ గొట్టం వేరే దేనితోనూ పంచుకోకూడదు, రెండు చివరలా క్లిప్పులుండాలి. గొట్టం పీకి 58కి సెట్ చేసి తిరిగి తగిలిస్తే, బూస్ట్ ఒక పౌండు పెరిగినప్పుడల్లా ప్రెషర్ ఒక పౌండు పెరుగుతుంది.

పైపుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏఎన్ అనే పైపు సైజుల్లో వెళ్ళేది 8 ఏఎన్, తిరిగొచ్చేది 6 ఏఎన్ సరిపోతాయి. లోపల టెఫ్లాన్ పొర ఉన్నవే కొను. మామూలు రబ్బరు గొట్టాల్లోంచి వాసన బయటికి వస్తుంది, ఎథనాల్ తగిలితే అవి త్వరగా పాడవుతాయి. పంపుకి ముందు 100 మైక్రాన్లు, తర్వాత 10 మైక్రాన్ల ఫిల్టరు. ఈ85కి కాగితం ఫిల్టరు వద్దు. ఎగ్జాస్ట్ పైపుకి దూరంగా, రాయి తగలని చోట లాగు.

ఈ85 అని బోర్డున్నా పంపులో వచ్చేది 51 నుంచి 83 శాతం మధ్య ఏదైనా కావచ్చు, చలికాలంలో తక్కువ ఉంటుంది. ఎథనాల్ సెన్సరు పెట్టుకుంటే కంప్యూటరుకి తెలుస్తుంది. జీఎమ్ బండ్లలో వచ్చే సెన్సరు 0 శాతానికి 50 హెర్ట్జ్, 100 శాతానికి 150 హెర్ట్జ్ పంపుతుంది. నీ పాత కంప్యూటరు దాన్ని చదివేలా చెయ్యగలడో లేదో ట్యూనర్‌ని ముందే అడుగు. పెద్ద ఇంజెక్టర్ల ప్రవాహ అంకెలు కూడా అందులో నేరుగా పట్టవు, స్కేలింగ్ చెయ్యాలి. ఇంజెక్టర్లు కొనేటప్పుడు వోల్టేజీ మారితే అవి ఎంత ఆలస్యంగా తెరుచుకుంటాయో చెప్పే పూర్తి పట్టిక అడిగి తీసుకో. అది లేకపోతే బండి సిగ్నల్ దగ్గర వణుకుతూనే ఉంటుంది.

పని మొదలెట్టే రోజు ట్యాంకులో పావు వంతు కంటే తక్కువ ఉండేలా చూసుకో. మీ గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంది, నేను వచ్చినప్పుడు చూశాను. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేలమీదే పాకుతూ ఆ మంట దాకా వెళుతుంది. బండిని బయట డ్రైవ్‌వేలో పెట్టి ట్యాంకు తెరువు. బ్యాటరీ తీసేసి, రెయిల్ ప్రెషర్ వదిలేసి, బీ క్లాసు మంటలార్పే సిలిండరు చేతికందేలా పెట్టుకుని మొదలెట్టు. బెడ్ ఎత్తడానికి నలుగురు స్నేహితుల్ని పిలు. ట్యాంకు కిందికి దింపడం కంటే అదే తేలిక. ఆవిరి పట్టే క్యానిస్టరునీ దాని పైపుల్నీ తీసెయ్యకు. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత బండ్లకు సేఫ్టీ తనిఖీ లేదు కానీ కాలిన్, డెంటన్, డాలస్ కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది. నీ బండి దానికి వెళ్ళాల్సిందే.

అంతా అయ్యాక మొదటిసారి తొక్కేటప్పుడు పక్కసీట్లో ల్యాప్‌టాప్ ఉండాలి. రెయిల్లో సెన్సరు పెట్టి ప్రెషర్ గీతనీ బూస్ట్ గీతనీ ఒకదాని కింద ఒకటి రాయించు. మొదట ఆరు పౌండ్ల బూస్ట్‌తో, తర్వాత పదితో, అది బాగుంటేనే పదిహేనుతో. రోడ్డు మీద కాదు, డైనో మీదో, ఎన్నిస్‌లో మోటర్‌ప్లెక్స్ ట్రాకు మీదో. రెండు గీతలూ సమాంతరంగా సాగాలి. 5500 ఆర్‌పీఎమ్ దాటాక ప్రెషర్ గీత రెండు మూడు పౌండ్లు వంగిందా, వైడ్‌బ్యాండ్ (మిశ్రమం కొలిచే ఎగ్జాస్ట్ సెన్సరు) ఇంకా బాగానే చూపిస్తున్నా కాలు తీసెయ్యి. దాని తర్వాత ఏం జరుగుతుందో చూడనక్కర్లేదు. ఆ సెన్సరుతో పాటు ఒక తక్కువ ప్రెషర్ స్విచ్ కూడా పెట్టించు. ప్రెషర్ పడగానే అది బూస్ట్‌ని పెంచే కరెంటు వాల్వుకి (సాలెనాయిడ్) కరెంటు ఆపేస్తుంది, బూస్ట్ వేస్ట్‌గేట్ (టర్బో దాటించి ఎగ్జాస్ట్‌ని వదిలే తలుపు) స్ప్రింగు స్థాయికి దిగిపోతుంది. ఖర్చు తక్కువ, ఇంజన్ మిగులుతుంది.

ఈ వారాంతంలో రెండు పనులు చెయ్యి. 600 చక్రాల దగ్గరా ఇంజన్ దగ్గరా అని తేల్చి చెప్పు. పాత పంపు కనెక్టరు దగ్గర వోల్టేజీ ఎంతుందో కొలిచి పంపు. ఆ రెండూ వస్తే ఇంజెక్టర్లు, పంపులు ఏవి కొనాలో నేను రాస్తాను. అప్పటిదాకా ఇంకేమీ ఆర్డరు పెట్టకు. అక్కయ్యనీ బావగారినీ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య