టర్న్‌టేబుల్ మార్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రికార్డులు తిప్పి వినడానికి ఇప్పుడున్న టర్న్‌టేబుల్‌ను అమ్మివేసి, అంతకు మూడింతల ఖరీదైనదాన్ని తెచ్చుకోవాలని ఉందనీ, బెల్టుతో తిరిగేది తీసుకోవాలా, మోటారు నేరుగా తిప్పేది తీసుకోవాలా అన్నదే తేలడం లేదనీ రాశావు. నా దృష్టిలో అది రెండవ ప్రశ్న. నీకు వినిపిస్తున్న లోపం నిజంగా టర్న్‌టేబుల్‌దేనా అన్నది ముందు తేల్చుకోవాలి.

పియానో స్వరాలు నిలకడగా లేవన్నావు. స్వరం ఊగగానే అందరూ మోటారునే అనుమానిస్తారు. అయితే రికార్డు మధ్య రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు పడి ఉంటే, కేంద్రం నుంచి 65 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న గాడి దగ్గర శ్రుతి అటూ ఇటూ 0.7 శాతానికి పైగా ఊగుతుంది. మంచి టర్న్‌టేబుల్ వేగంలో ఒడుదొడుకు 0.1 శాతం కూడా ఉండదు. ఈ లోపాన్ని సరిదిద్దడం కోసమే నకమిచి సంస్థ టీఎక్స్-1000 అనే యంత్రాన్ని తయారుచేసింది. అది రికార్డు ఎంత పక్కకు ఉందో కొలిచి, దాన్ని కేంద్రానికి జరిపేది. ఆ ఏర్పాటు లేని యంత్రం ఎంత ఖరీదైనదైనా అటువంటి రికార్డును ఊగిస్తూనే వినిపిస్తుంది. అందువల్ల ఊపు ఒక్క రికార్డులోనే ఉందా, అన్నింటిలోనూ ఉందా అని చూడు. ఒక్కదానిలోనే, అదీ చుట్టుకు ఒకసారి, అంటే 1.8 సెకన్లకు ఒకసారి వస్తుంటే తప్పు రికార్డుదే.

చివరి పాటలో హెచ్చు స్వరాలు గరగరలాడుతున్నాయన్న నీ రెండవ ఫిర్యాదు కూడా కొత్త టర్న్‌టేబుల్‌తో తీరేది కాదు. బయటి అంచున గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల చొప్పున సాగుతుంది. లోపలి చివర అది దాదాపు 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంటే అదే ధ్వనిని సగం కన్నా తక్కువ నిడివిలో ఇరికించి చెక్కారన్నమాట. అక్కడ పనిచేసేది ముల్లు కొన ఆకారం, కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టి ఉంచి, దాని కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) బిగించిన కోణం, ముల్లు మోపే బరువు. కోణాన్ని కొలత గీతలున్న ప్రోట్రాక్టర్ పలక మీద మళ్ళీ సరిచూడు. బరువును చిన్న డిజిటల్ తూకంతో కొలిచి, తయారీదారు చెప్పిన పరిధిలో పై అంచుకు దగ్గరగా ఉంచు. తక్కువ బరువు రికార్డును కాపాడుతుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే పట్టు తప్పిన ముల్లే గాడి గోడలను ఎక్కువగా చెడగొడుతుంది.

ఆ తర్వాత కూడా మార్చాలనిపిస్తే, కార్ట్రిడ్జ్‌ను మోసే చేయి అయిన టోన్‌ఆర్మ్‌కూ కార్ట్రిడ్జ్‌కూ పొత్తు కుదురుతుందా అని లెక్క వేయాలి. టోన్‌ఆర్మ్ ప్రభావ ద్రవ్యరాశికి (అది ఊగేటప్పుడు ముల్లుకు తెలిసే బరువుకు) కార్ట్రిడ్జ్ బరువునూ, దాన్ని బిగించే స్క్రూల బరువునూ గ్రాముల్లో కలిపి, ఆ మొత్తాన్ని కార్ట్రిడ్జ్ ముల్లు ఎంత మెత్తగా వంగుతుందో చెప్పే అంకె అయిన కంప్లయన్స్‌తో హెచ్చించి, వర్గమూలం తీసి, దానితో 159ని భాగిస్తే ఆ జంట అనునాద పౌనఃపున్యం (అది సెకనుకు ఎన్నిసార్లు ఊగడానికి మొగ్గుతుందో ఆ సంఖ్య) హెర్ట్జ్‌లలో వస్తుంది. మొత్తం 20 గ్రాములు, కంప్లయన్స్ 12 అయితే సుమారు 10 వస్తుంది. 8 నుంచి 12 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. కంప్లయన్స్ 25 ఉన్న మెత్తని కార్ట్రిడ్జ్‌ను అదే చేతికి బిగిస్తే 7కు దిగుతుంది, అప్పుడు రికార్డు వంకరలన్నీ చేతిని ఊపుతాయి.

ఇక బెల్టు సంగతి. టెక్నిక్స్ వారి నేరు మోటారు ఎస్పీ-10 1970లో, లిన్ వారి బెల్టు యంత్రం ఎల్పీ12 ఆ తర్వాత కొద్ది ఏళ్ళలోనే వచ్చాయి. ఆ రెండు మార్గాలలోనూ గొప్ప యంత్రాలున్నాయి. నేను పద్ధతి కన్నా బేరింగునూ, యంత్రం నిలిచే చోటునూ ఎక్కువగా చూస్తాను. స్ప్రింగుల మీద వేలాడే యంత్రాన్ని అదిరే చెక్క నేల మీద పెడితే అడుగుల చప్పుడుకే ముల్లు ఎగురుతుంది, గోడకు బిగించిన బల్ల మీద అదే యంత్రం ప్రశాంతంగా పాడుతుంది.

పోల్చేటప్పుడు ఒక్కటే మార్చు. నేను ఒకసారి టర్న్‌టేబుల్‌నూ, కార్ట్రిడ్జ్‌నూ, కార్ట్రిడ్జ్ సంకేతాన్ని పెంచే ఫోనో స్టేజ్‌నూ ఒకేసారి మార్చి, వచ్చిన మెరుగంతా టర్న్‌టేబుల్‌దేనని ఏడాది పాటు నమ్మాను. పాత ఫోనో స్టేజ్‌ను మళ్ళీ కలిపి చూసిన రోజున ఆ మెరుగులో చాలా భాగం మాయమైంది. నీవు అదే కార్ట్రిడ్జ్‌ను పాత, కొత్త యంత్రాలు రెండింటికీ బిగించి, అదే రికార్డు చివరి పాట విను. నీ కార్ట్రిడ్జ్ అయస్కాంతం కదిలే మూవింగ్ మాగ్నెట్ రకం కనుక తీగల కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణం) మారినా హెచ్చు స్వరాలు మారుతాయి, కాబట్టి తీగలను కూడా ఒకే రకంగా ఉంచు. ధ్వని స్థాయిని కొలిచి సమం చేయి, ఒక్క డెసిబెల్ ఎక్కువగా మోగినదే చెవికి మేలైనదిగా తోస్తుంది.

నీ టోన్‌ఆర్మ్, కార్ట్రిడ్జ్ వివరాలు రాసి పంపు. జపాన్ తయారీదారులలో పలువురు కంప్లయన్స్‌ను 100 హెర్ట్జ్ వద్ద కొలిచి ఇస్తారు, ఆ అంకెను యథాతథంగా లెక్కలో వేయకూడదు. నీ వివరాలు చూసి నేనే లెక్క కట్టి తెలుపుతాను. అంతవరకు బయానా ఇవ్వకు.

ఇట్లు,
నీ మేలు కోరే మామయ్య