నారి పక్కకు జరిగితే తప్పు వింటిదేనా?

ప్రశ్న: మా తాతగారి నాటి వెదురు విల్లు మా ఇంట్లో ఉన్నది. వెదురు చీలికతో చేసిన పాత నారి విరిగిపోవడంతో నైలాన్ తాడు కట్టించాను. ఎక్కుపెట్టి చూస్తే నారి పిడి నడిమికి రాకుండా వేలెడు వెడల్పున కుడివైపు ఉంటున్నది. నేను ఎడమ చేత్తో విల్లు పట్టి, బాణాన్ని పిడికి ఎడమపక్కన ఆనించి వేస్తాను. బాణాలన్నీ ఎడమకే పోతున్నాయి. పై కొన గాడిని ఆకురాయితో ఒక పక్క లోతు చేయిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, చింతూరు

జవాబు: ఆకురాయి జోలికి ఇప్పుడే పోకండి. గాడిలో ఒకసారి అరగదీసిన వెదురు తిరిగి రాదు. పైగా, నారి మార్చిన తరువాతే తేడా వచ్చిందంటున్నారు కనుక నా అనుమానం వింటి మీదకన్నా ముడి మీదే ఎక్కువ.

వెదురు చీలిక నారి బల్లపరుపుగా ఉండి, కొన మీద నడిమినే కూర్చుంటుంది. గుండ్రటి తాడు అలా కాదు. ముడి కొనకు ఏ పక్కన పడితే తాడు ఆ పక్క నుంచే బయలుదేరుతుంది. నారి సడలించి, ముడిని తిప్పి, తాడు మీకు ఎదురుగా ఉండే ముఖం నడిమి నుంచి దిగేటట్లు సర్ది మళ్లీ ఎక్కుపెట్టండి. అప్పటికీ జరిగే ఉంటే నారిని తలకిందులు చేసి, పై కొనను కిందికీ కింది కొనను పైకీ వేసి చూడండి. వంకర నారితోపాటు చోటు మారితే తప్పు ముడిది. మారకుండా అక్కడే ఉంటే వింటిది. నైలాన్ బాగా సాగుతుంది గనుక పది బాణాలు వేశాక మరొకసారి చూడటం మంచిది. వీలైతే అంతగా సాగని పాలిస్టర్ దారాన్ని పేని వాడండి.

విల్లే మెలి తిరిగి ఉంటే, ఏ గణుపుల మధ్య తిరిగిందో కొన నుంచి ఒంటికన్నుతో చూసి గుర్తు పెట్టుకోండి. నారి తీసేసి, ఆ భాగాన్ని మంట మీద కాక నిప్పుల సెగ మీద, చేయి ఆన్చలేనంత వేడెక్కేవరకు తిప్పుతూ కాచి, ఎదురు దిశకు కొంచెం ఎక్కువగానే మెలిపెట్టి, చల్లారేదాకా వదలకుండా పట్టుకోవాలి. పైతోలు మాడితే విల్లు పోయినట్లే. సెగ తగిలిన వెదురు తడి ఆరి పెళుసుగా ఉంటుంది కనుక నాలుగైదు రోజులు నీడలో ఉంచి, తరువాతే కొద్దికొద్దిగా వంచండి. ఇంకొక మాట: గోడకు చేరవేసిన విల్లు మెలి తిరుగుతుంది, నారి దించి అడ్డంగా రెండు మేకుల మీద ఉంచండి.

బాణాలు ఎడమకు పోవడానికి కారణం వేరే వెతకనక్కరలేదు. బాణం పిడికి ఎడమపక్కన ఆని, దాని తోక కుడికి జరిగిన నారిలో ఉంటే ములికి సహజంగానే ఎడమకు చూస్తుంది. అందుకే నారి కుడికి పోతే ఇబ్బంది గాని, బాణం ఉన్న పక్కకు నూలుపోగంత జరిగి ఉంటే దిద్దవలసిన పనిలేదు. ములికి గురికి మరికాస్త దగ్గరగా నిలుస్తుంది.

నారి గాడిలోంచి జారే స్థితిలో ఉంటే మాత్రం విల్లు లాగవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నది కనుక, మీ గురి గడ్డిమోపు మీదనే అనుకొని ఇదంతా రాస్తున్నాను.